అన్వయం కుదిరిందా?



ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రంలో ఉంది. ఆ పేరుతో ఆయన్ను నేనెన్నడూ పిలిచి ఎరగను. మా వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆయన ఐవారు. ఇప్పుడు వేదికెక్కి పూర్తి పేరు, ముందు బిరుదులు పెట్టి చెబితే వేరే ఎవరి గురించో మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకని ఐవారనే అంటాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మైసూరులో ఉన్న మా చిన్నాయన దగ్గర్నుంచి ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఇంట్లో మాట తెలుగు, చదువు కన్నడం. కర్ణాటక సరిహద్దులోని మన ఊళ్లలో చాలా ఇళ్ల సంగతి ఇదే. ప్రేమగా తెలుగులో మాట్లాడే మనిషి కాగితం ముందు కూర్చుంటే కన్నడమే రాస్తాడు, ఆ చేతికి వచ్చిన అక్షరాలవే. మా అవ్వకు చదువు రాదు. నేను కూడబలుక్కుని చదివాను. మూడో వాక్యం, 'నన్నింద ఒందు ప్రమాద ఆగిదె.' ప్రమాద అన్న మాట వినగానే అవ్వ కూలబడింది. 'నా బిడ్డకేమైందిరా, కాలా చెయ్యా?' అని ఒకటే ఏడుపు. పక్కింటివాళ్లొచ్చారు. మైసూరు బస్సు ఎన్నిగంటలకని ఎవరో కనుక్కోబోయారు. నేను కాగితం పట్టుకుని, ఆ ఘోరమంతా నేనే చేసినట్టు నిలబడ్డాను.

ఐవారు వచ్చి ఉత్తరం తీసుకున్నారు. మొదట్నుంచి చదవలేదు. ఆ ఒక్క వాక్యం మీద వేలు పెట్టి నన్నడిగారు, 'ఇక్కడ ననగె అని ఉందా, నన్నింద అని ఉందా?' నన్నింద అని ఉందన్నాను. 'నాకు జరిగింది అనలేదు, నావల్ల జరిగింది అన్నాడు. నావల్ల జరిగేది దెబ్బ కాదు, తప్పు. అవ్వా, లే. నీ కొడుకు బాగున్నాడు. ఏదో పొరపాటు చేసినాడు, అంతే.' తరువాత వాక్యం చదివితే, పొలం తాకట్టు తాలూకు వాయిదా డబ్బు గడువు దాటాక కట్టాడట, రెండు నెలల వడ్డీ మీద పడిందట. అవ్వ కళ్లు తుడుచుకుని, ఆ వడ్డీ ఎంతో అడిగి, ఈసారి కొడుకును తిట్టడం మొదలుపెట్టింది.

ప్రమాదమంటే సంస్కృతంలో ఏమరుపాటు. కన్నడం ఆ అర్థానికి దగ్గరగానే నిలిచి, పొరపాటుకు ఆ మాట వాడుకుంది. దెబ్బలు తగిలే సంఘటనను అపఘాత అంటుంది. తెలుగు ఏమరుపాటును వదిలి, దాని ఫలితాన్ని పట్టుకుంది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే మాట, ఒకే అక్షరాలు. నిఘంటువు తీసి చూసినా ఆ పూట అవ్వ ఏడుపు ఆగేది కాదు. ఆపింది 'ఇంద' అన్న విభక్తి ప్రత్యయం.

ఐవారు ఆ పనికి వాడే మాట అన్వయం. పద్యం చదివి ఎవరైనా తలాడిస్తే 'అన్వయం కుదిరిందా?' అనేవారు. అర్థమైందా అని ఆయన అడగ్గా వినలేదు. అర్థమైందా అంటే ఎవరైనా అయిందనే అంటారు, అదొక మర్యాద. అన్వయం కుదిరిందా అంటే మాత్రం కుదిర్చి చూపించాలి. ఈ పూట నేను చెప్పదలచింది ఆ మాట గురించే.

అను అంటే వెంట. అయం అంటే పోవడం. వెంట పోవడమే అన్వయం. మొదట అది వంశానికి పేరు, తండ్రి వెంట కొడుకు నడిచే వరస. కన్నడనాట జైన శాసనాల్లో కనబడే కొండకుందాన్వయం ఆ అర్థంలోనిదే. ఆ కొండకుంద అనంతపురం జిల్లా గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల అని పండితులు చెబుతారు. ఆ తరువాత మాటల వరసకూ అదే పేరు వచ్చింది. పద్యంలో ఛందస్సు కోసం చెల్లాచెదురైన పదాలను, ఏది దేని వెంట నడవాలో చూసి వచనంలో నిలబెట్టడం అన్వయం. ఇవాళ చిక్కబళ్ళాపురంలో ఏ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లినా ఈ మాట రోజుకు పదిసార్లు కనబడుతుంది, ఇంకో వేషంలో. 'కాయ్దె అన్వయ' అంటే చట్టం ప్రకారం. చట్టం ముందు నడుస్తుంది, గుమాస్తా వెంట నడుస్తాడు. అక్కడా వెంట నడవడమే, కాకపోతే వెనక్కి తిరిగి ప్రశ్న అడిగే అలవాటు లేదు.

మామూలు జనం నోట అన్వయం అనే మాట రాదు కదా అంటారేమో. రాదు. పొందిక అంటారు, పొసగలేదంటారు, అతకని మాటంటారు. కన్నడంలో అదే హొందికె. మన పకారం వాళ్ల హకారమైంది, పాలు హాలు, పులి హులి, పండు హణ్ణు అయినట్టు. బాగేపల్లి సంతలో ఒకరు పొందిక అని, ఇంకొకరు హొందికె అని బేరం తెంపుకుని లేస్తారు. ఏ భాషలో తెగిందో ఇద్దరికీ పట్టదు.

ఇంకొకరి మాటకు అర్థం చెప్పడానికి తెలుగులో ఇంకా మంచి మాటలున్నాయి. వాటిలో కొన్నింటికి ఈ మధ్య పేరు చెడింది. భాష్యమంటే ఒకప్పుడు పతంజలి, శంకరులు, రామానుజులు. ఇప్పుడు పత్రికలో 'కొత్త భాష్యం చెప్పారు' అని ఉంటే ఆయనేదో వంకర మాట్లాడాడని అర్థం. వ్యాఖ్య కూడా అంతే. మల్లినాథుడు రాసింది వ్యాఖ్య, ఇప్పుడు మైకు ముందు నోరు జారితే అదీ వ్యాఖ్యే, దుమారం రేపేది. 'అర్థం తీయడం' మరీ హీనం, 'నువ్వు వేరే అర్థం తీస్తున్నావు' అంటే పోట్లాటకు మొదలు. అర్థమన్న మాటకే దిక్కులేదు. థకారం పొట్టలో చుక్క మరిచి అర్ధం అని రాసేవాళ్లు, తమకు సగమే తెలిసిందని నిజాయితీగా ఒప్పుకుంటున్నారనుకోవాలి. కన్నడానికి అర్థైసు అనే చక్కటి క్రియ ఉంది. మనకు అలాంటిది లేదు. ఈ గుంపులో చెడకుండా మిగిలింది అన్వయం, బహుశా ఎవరూ వాడకపోవడం వల్ల.

మల్లినాథుడి ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మెదక్ దగ్గరి కొల్చారం వాడాయన. కాళిదాసును దేశమంతా ఈనాటికీ కోలాచల మల్లినాథ సూరి వేలు పట్టుకునే చదువుతోంది. తన వ్యాఖ్య మొదట్లో ఆయన ఒక ఒప్పందం రాసుకున్నాడు: అంతా అన్వయం దారినే చెబుతాను, మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని. మూడు షరతుల్లో మూడోది చాలా కష్టం. నాలాంటి ఉపన్యాసకులకు మరీను.

ఆ అన్వయాన్ని మా ఐవారు పెన్సిలుతో చేసేవారు. పద్యంలో పదాల నెత్తిన సన్నగా 1, 2, 3 అని అంకెలు వేసేవారు. మొదట క్రియను పట్టుకునేవారు. క్రియ దొరికాక దాన్నే ప్రశ్నలడగడం: ఎవరు? దేన్ని? దేనితో? ఎక్కడ? ఒక్కో జవాబుకు ఒక్కో అంకె. పదాలన్నీ అయిపోయి ఒక ప్రశ్న మిగిలినా, ప్రశ్నలన్నీ అయిపోయి ఒక పదం మిగిలినా మళ్లీ మొదటికి రావాలి. చిన్నాయన ఉత్తరానికి ఐవారు చేసిందీ ఇదే. ఆగిదె అన్నది క్రియ. దేనివల్ల అని అడిగారు.

మీమాంసకులు ఈ విషయం మీద వందల ఏళ్లు తగువులాడుకున్నారు. కుమారిలభట్టు పక్షం అభిహితాన్వయవాదం: ప్రతి పదం ముందు తన అర్థం తాను చెప్పేస్తుంది, ఆ అర్థాలు తరువాత కలుస్తాయి. ప్రభాకరుడి పక్షం అన్వితాభిధానవాదం: పదం ఒంటరిగా ఏమీ చెప్పదు, పక్క పదంతో కలిసే చెబుతుంది. రెండోవాళ్ల ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఒక పెద్దాయన 'ఆవును తీసుకురా' అంటాడు, ఇంకొకడు తెస్తాడు. 'ఆవును కట్టెయ్' అంటాడు, కడతాడు. 'గుర్రాన్ని తీసుకురా' అంటాడు. పక్కన ఆడుకుంటున్న పిల్లవాడు ఏ పలుకు మారితే ఏ పని మారిందో చూసి, ఆవంటే ఏమిటో, తేవడమంటే ఏమిటో తనే తేల్చుకుంటాడు. ఎవరూ అతనికి పదాల పట్టిక ఇవ్వలేదు. చింతామణిలో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఈ మీమాంస కళ్లారా చూడొచ్చు. అవ్వ తెలుగులో పిలుస్తుంది, బడి పంతులమ్మ కన్నడంలో, దుకాణం సాయిబు ఉర్దూలో. నాలుగేళ్ల పిల్ల ముగ్గురికీ ఎవరి భాషలో వాళ్లకు జవాబిస్తుంది. పండితుల్లో నేను ఎటువైపో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. అయితే సరిహద్దులో బతికేవాడు ప్రభాకరుడి పక్షం కాక ఏం చేస్తాడు! పదాన్ని ఒంటరిగా నమ్మితే మోసపోతాడు.

ఎలా మోసపోతామో చూడండి. కన్నడ పత్రికలో 'రైతర ఆగ్రహ' అని శీర్షిక ఉంటే, రైతులు ఏదో కావాలని గట్టిగా అడుగుతున్నారని. తెలుగు చెవికి రైతులు కోపంతో ఊగిపోతున్నారు. ఉద్యమ అంటే అక్కడ పరిశ్రమ, ఇక్కడ పోరాటం. 'మా వాడు ఉద్యమంలో చేరినాడు' అని ఒకాయన గర్వంగా చెబితే, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలోనా, జైలుకు పోయే పనిలోనా అని కనుక్కోవాలి. సందర్శన అంటే వాళ్లకు ఉద్యోగానికో పత్రికకో ఇచ్చే ఇంటర్వ్యూ, మనకు చూసి రావడం. రోడ్ల పక్కన రాసి ఉంటుంది, 'అవసరవే అపఘాతక్కె కారణ' అని. తొందరే ప్రమాదాలకు కారణమని దాని భావం. కన్నడంలో అవసరమంటే తొందర. తెలుగువాడు తన భాషలో చదువుకుని, అవసరాలే మనిషిని ముంచుతాయన్న వేదాంతమనుకుని బండి నిదానంగా నడిపినా ఫలితం ఒకటే. అన్వయం తప్పినా పని జరిగిన ఉదాహరణ నాకు ఇదొక్కటే తెలుసు.

ఇప్పుడు కైవారం వెళ్దాం. చింతామణి తాలూకాలో అన్వయానికి అసలైన పరీక్ష జరిగేది అక్కడ. నారాయణప్ప, మన కైవారం తాతయ్య, గాజుల బేరం చేసుకుంటూ ఊళ్లు తిరిగిన మనిషి. 1726లో పుట్టి 1836 దాకా, నూట పదేళ్లు ఉన్నాడని సంప్రదాయం. గురువు పరదేశిస్వామి, నోట్లో ఒక గులకరాయి పెట్టుకుని జపం చెయ్యమన్నాడని, అది కలకండ అయ్యేదాకా చేశాడని కథ. అమరనారేయణ శతకం, కాలజ్ఞానం, తత్త్వాలు, చాలావరకు తెలుగులో. వాటిని భజనల్లో పాడేవాళ్లలో ఎక్కువమంది కన్నడ లిపిలో చదువుతారు. కన్నడ లిపికి మన అరసున్న లేదు. చాపలోని చ, చేపలోని చ అనే తేడా ఆ నోటికి లేదు. అయినా తత్త్వం తత్త్వంగానే వినబడుతుంది. తొమ్మిది వాకిళ్ల ఇల్లని పాడితే పిల్లలు నిజంగా ఇల్లే అనుకుని వాకిళ్లు లెక్కపెడతారు, ముసలాళ్లు తమ ఒంటిని తడుముకుంటారు. నాకైతే రెండు అన్వయాలూ చెల్లుతాయి. పిల్లల వయసుకు ఇల్లే ముఖ్యం.

చిక్కంతా కాలజ్ఞానం దగ్గర. వీరబ్రహ్మంగారిదైనా తాతయ్యదైనా, ఏదైనా జరిగిన మరునాడు ఎవరో ఒకరు పుస్తకం తెరిచి 'ఇదిగో, ఇక్కడే చెప్పినాడు' అంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు అందరి ఫోన్లలోనూ ఇదే. నాకు వచ్చిన ఒక పద్యపాదాన్ని ఐవారు నేర్పినట్టు అంకెలు వేసి చూశాను. క్రియ దొరికింది. ఎవరు అనే ప్రశ్నకు జవాబు దొరికింది. ఎప్పుడు అనే ప్రశ్నకు ఆ పాదంలో జవాబు లేదు, ముందూ వెనకా ఉన్న పాదాలను ఎవరో కోసేశారు. ఆ ఖాళీలో పంపినవాడు తన సంవత్సరాన్ని కూర్చోబెట్టాడు. దానికి తెలుగులో పేరు ఆపాదన. అన్వయించడమంటే మాట వెంట మనం పోవడం, ఆపాదించడమంటే మాటను మన వెంట లాక్కుపోవడం. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి, ఇద్దరి చేతిలోనూ అదే పుస్తకం ఉంటుంది కాబట్టి.

తాతయ్య మీద గౌరవం తక్కువై నేనీ మాట అనడం లేదు. గాజులమ్మిన మనిషి ఆయన. మణికట్టు చూడకుండా మలారంలో చెయ్యిపెట్టి ఏదో ఒక గాజు తీసేవాడు ఆ వృత్తిలో పూట గడపలేడు. బలవంతంగా ఎక్కిస్తే గాజు పగలడమే కాదు, చెయ్యి గీరుకుంటుంది. ఆయన మాటలను దొరికిన చేతికల్లా తొడుగుతున్నవాళ్లు ఆ సంగతి తలుచుకుంటే బాగుండును.

ఇంకో మాట ఉంది, దేవుడితో సంబంధం లేనిది. నీళ్లతో సంబంధం. మన చిక్కబళ్ళాపురం జిల్లాకు జీవనది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, హెబ్బాళ–నాగవార పథకం కింద గొట్టాల్లో తెచ్చి మన చెరువులు నింపుతున్నారు. కోలారు వైపు కోరమంగల–చల్లఘట్ట పథకం నీళ్లు 2018లో వచ్చాయి. కన్నడంలో ఈ నీటిని 'సంస్కరిసిద నీరు' అంటారు. తెలుగులో మనం శుద్ధి చేసిన నీళ్లంటాం. ఇంజినీరు దృష్టిలో శుద్ధికి దశలున్నాయి. ఈ పథకాల్లో జరిగేది రెండో దశ దాకా. ఉద్దేశం తాగడానికి కాదు, చెరువులో నిలిచి భూమిలోకి ఇంకడానికి. మూడో దశ కూడా చెయ్యాలని ఇక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. కానీ మన ఇళ్లలో శుద్ధి అనే మాటకు దశల్లేవు. పుణ్యాహవాచనం చేస్తే ఇల్లు శుద్ధి. సగం శుద్ధి అయిన ఇల్లు ఉండదు. శుద్ధి చేసిన నీళ్లని పెద్దగా రాసిన చోట, తాగరాదని చిన్నగా రాస్తే అవ్వ దేన్ని చదువుతుంది? ఎవరూ అబద్ధం ఆడలేదు. అధికారి తన అన్వయంలో నిజమే చెప్పాడు. వినేవాడి అన్వయం ఏమిటని అడగలేదు, అంతే. ఇలాంటి సందర్భంలో ఐవారు ఉండి ఉంటే క్రియను పట్టుకునేవారు. శుద్ధి చేశారు, సరే, దేనికోసం? ఆ నాలుగో విభక్తి ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

ఊరి పేర్లతో ముగించమని నిర్వాహకులు అడిగారు. మునుపు అడిగి ఉంటే అంతా సరదాగా చెప్పేవాణ్ణి. చింతామణి అంటే కోరికలు తీర్చే రత్నమని మనం మురిసిపోతాం కానీ, ఆ పేరు చింతామణిరావు అనే మరాఠా నాయకుడిది. చిక్కబళ్ళాపురంలో తెలుగు చెవికి చిక్కటి బల్ల ఏదో వినబడుతుంది. కన్నడంలో చిక్క అంటే చిన్న, బళ్ళ అంటే గింజలు కొలిచే కొలత. దొడ్డబళ్ళాపురంలో ఒక ఆవు పుట్ట మీద రోజూ బళ్ళెడు పాలు కురిపించేదన్న కథ అలా పుట్టిందే. కథకూ పేరుకూ అన్వయం చక్కగా కుదిరింది. ఏది ముందో ఏది వెనకో అడక్కండి.

బాగేపల్లి సంగతి అంత సరదాగా లేదు. 2025 జూలై 2న నంది కొండ మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం ఈ ఊరి పేరు భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. పల్లి తెలుగు మాట అన్నది పేరు మార్చాలన్నవాళ్ల వాదన. ఇందాక చెప్పిన పాలు–హాలు మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ఇవాళ హళ్ళి అంటున్న మాట పాత కన్నడంలో పళ్ళి. అంటే పల్లిలో వినబడేది తెలుగు ఎంతో, కన్నడం ముత్తాత గొంతూ అంతే. పకారాన్ని చూసి పరాయిదనుకోవడం, తాత పాత ఫోటో చూసి ఎవరీ మనిషి అని అడిగినట్టుంది. పైగా భాగ్యనగరం అన్నారు! తెలుగువాణ్ణి నిద్రలో లేపి భాగ్యనగరమెక్కడని అడిగితే హైదరాబాదనే అంటాడు. తెలుగు వాసన పోవాలని వేసిన మందు ఇంకా పెద్ద తెలుగు ఊరి వాసన తెచ్చింది. ఉన్న పేరుకేం, బాగే ఉంది కదా. ఇది నా అభిప్రాయం, ఈ సభది కాదు. ఊరివాళ్లు ఏ పేరుతో పిలుచుకుంటే అదే పేరు, మా వీధిలో ఐవారి పేరు ఐవారైనట్టు.

ఆయన పోయాక వాళ్ల పెద్దమ్మాయి నాకొక పుస్తకం ఇచ్చింది. కన్నడ లిపిలో అచ్చయిన అమరనారేయణ శతకం. తెలుగు పద్యాలు, కన్నడ అక్షరాలు, పదాల నెత్తిన పెన్సిలు అంకెలు. మొదటి పద్యాల్లో అంకెలు తడబాటు లేకుండా ఉన్నాయి. సగం దాటాక ఒక పద్యంలో రెండు వరసలున్నాయి. నల్ల పెన్సిలుతో ఒక క్రమం, ఎర్ర పెన్సిలుతో ఇంకో క్రమం. నల్లదాంట్లో కర్త దేవుడు, ఎర్రదాంట్లో కర్త భక్తుడు. క్రియ రెండింటికీ ఒకటే. రెండు వరసల్లో ఏదీ చెరపలేదు. మార్జిన్‌లో మాత్రం చిన్నగా ఒక తేదీ, ఇరవై రెండేళ్ల తరువాత ఇంకో తేదీ వేసుకున్నారు.